వెండితెర జమాఖర్చులు (6వ భాగం): పంపిణీదారే బ్యాంకు

1949 జూన్ 30న దేశంలో సినిమా హాళ్లు ఆట వెయ్యలేదు. వినోదపు పన్ను మోతకు నిరసనగా నిర్మాతలు, పంపిణీదారులు, హాళ్ల యజమానులు కలిసి చేసిన హర్తాళ్ అది. మామూలు రోజుల్లో ఈ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. హాలువాళ్లు వసూళ్లు దాస్తున్నారని పంపిణీదారు అనుమానం. పంపిణీదారు ఖర్చులు పెంచి రాస్తున్నాడని నిర్మాత ఫిర్యాదు. ఆడని బొమ్మను అంటగట్టారని హాలు యజమాని గోల. అలాంటివాళ్లు ఒక్క తాటిమీదికి వచ్చారంటే దెబ్బ గట్టిగానే తగిలి ఉండాలి.

వినోదపు పన్నుకు అప్పటికే పాతికేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1922లో బెంగాల్, 1923లో బొంబాయి దాన్ని మొదలుపెట్టాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో రాజాజీ మంత్రివర్గం చట్టం చేసింది. మద్యనిషేధం వల్ల ఖజానాకు పడుతున్న గండిని పూడ్చడానికి వెతికిన దారుల్లో ఇదొకటి. స్వరాజ్యం వచ్చాక రేట్లు తగ్గుతాయని పరిశ్రమ ఆశపడింది, అవి ఇంకా పెరిగాయి. కొన్ని రాష్ట్రాల్లో సగం దాకా వెళ్లాయి. కొన్ని పట్టణాల్లో ఊళ్లోకి వచ్చే ఫిలిం పెట్టెమీద కూడా ఆక్ట్రాయి సుంకం వసూలు చేసేవారు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాన్ని ప్రతి హాలూ విధిగా చూపించాలి, చూపించినందుకు అద్దె కూడా హాలే కట్టాలి. ఇంత కట్టాక మిగిలినదాంట్లోంచే హాలుకీ, పంపిణీదారుకీ, నిర్మాతకీ వాటాలు తెగాలి. బొమ్మ ఆడినా ఆడకపోయినా, అమ్ముడైన ప్రతి టికెట్టుమీదా సర్కారు వాటా ముందే పక్కకు పోయేది. ఈ వ్యాపారంలో నష్టభయం లేని భాగస్వామి ప్రభుత్వం ఒక్కటే.

హర్తాళ్ జరిగిన రెండు నెలలకే కేంద్రం ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఫిలిం విచారణ సంఘాన్ని వేసింది. పరిశ్రమ తరఫున వి. శాంతారాం, న్యూ థియేటర్స్ అధినేత బి.ఎన్. సర్కార్ అందులో సభ్యులు. 1951లో నివేదిక వచ్చింది. పుణెలో ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌కు బీజం వేసిన నివేదికగానే చాలామందికి అది గుర్తు. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా విలువైనవి డబ్బు గురించిన పేజీలు. సినిమాకి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎంత వడ్డీకి వస్తోంది, ఎవరి చేతుల మీదుగా వస్తోంది అన్న ప్రశ్నలను స్వతంత్ర భారతంలో ఒక ప్రభుత్వ సంఘం కూర్చుని అడిగింది అప్పుడే. గతంలో మనం చూసిన 1927–28 నాటి రంగాచారి సంఘం కూడా నిర్మాతలకు అప్పుల సదుపాయం ఉండాలని చెప్పింది. ఆ కాగితాలను తెల్లదొరల ప్రభుత్వం పక్కన పడేసింది.

పాటిల్ సంఘం చూసిన పరిశ్రమ ఎలా తయారైందో తెలియాలంటే యుద్ధకాలంలోకి వెళ్లాలి.

1930లలో పెద్ద సినిమా అంటే పెద్ద స్టూడియో. పుణెలో ప్రభాత్, కలకత్తాలో న్యూ థియేటర్స్, బొంబాయిలో హిమాంశు రాయ్ 1934లో వాటాలు అమ్మి స్థాపించిన బొంబాయి టాకీస్. నటులూ సంగీత దర్శకులూ కెమెరా మనుషులూ నెలజీతం మీద పనిచేసేవారు. ఒక బొమ్మ పోయినా మరో బొమ్మ లాభంతో సర్దుకునే వీలు స్టూడియోకి ఉండేది. యుద్ధం రాగానే ముడి ఫిలిం దిగుమతి కట్టుబడింది. ఫిలిం కావాలంటే లైసెన్సు తెచ్చుకోవాలి, బొమ్మ నిడివి 11,000 అడుగులు దాటకూడదు. ఇదే సమయంలో సైన్యానికి సరుకులు సరఫరా చేసిన కాంట్రాక్టర్ల దగ్గర, బియ్యం, బట్ట, ఇనుము చీకటి బజారులో అమ్మినవాళ్ల దగ్గర లెక్కల్లో చూపలేని డబ్బు పోగుపడింది. దాన్ని బ్యాంకులో వెయ్యలేరు. భూమి కొంటే కంటపడుతుంది. సినిమాలో పెడితే మాత్రం ఎవరికీ కనపడదు. ఎందుకంటే తారకు సగం చెక్కు రూపంలో, సగం చేతికి ఇవ్వడం అప్పటికే అలవాటవుతోంది. స్టూడియో ఏడాదంతా ఇచ్చే జీతం కన్నా ఒక్క బొమ్మకే ఎక్కువ ఇస్తామని బయటివాళ్లు వస్తే నటీనటులు ఎన్నాళ్లు ఆగుతారు? జీతాల స్టూడియో వ్యవస్థ అక్కడే విరిగింది.

యుద్ధం ముగిసి ముడి ఫిలిం మీద నియంత్రణ ఎత్తేసిన మూడు నెలల్లోనే వందకు పైగా కొత్త నిర్మాతలు రంగంలోకి దిగారని పాటిల్ నివేదిక రాసింది. వీళ్లకు సొంత స్టూడియో లేదు, సిబ్బంది లేరు, యంత్రాలు లేవు. ఫ్లోరు అద్దెకి, కెమెరా అద్దెకి, తారలు కాల్షీట్ల లెక్కన. అంతలోనే దేశ విభజన జరిగి పశ్చిమ పంజాబ్, సింధ్, తూర్పు బెంగాల్ మార్కెట్లు చేజారాయి. ప్రేక్షకుల్లో పెద్ద భాగాన్ని పోగొట్టుకున్న బెంగాలీ సినిమా దెబ్బతింది. న్యూ థియేటర్స్ అంతటి సంస్థ 1955 నాటికి మూతపడింది. బొంబాయిలోనూ మద్రాసులోనూ మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఒక్కో బొమ్మకీ ఒక్కోసారి అప్పు పుట్టించుకునే నిర్మాతలే.

మరి అప్పు ఎవరిస్తారు? బ్యాంకు తాకట్టు అడుగుతుంది. నిర్మాత దగ్గర ఉన్నది ఇంకా తియ్యని సినిమా. అది పూర్తయ్యే దాకా దానికి రూపాయి విలువ లేదు, పూర్తయ్యాక కూడా జనం ఒప్పుకుంటేనే విలువ. బ్యాంకులు ముఖం చాటేశాయి. ఆ ఖాళీలోకి ఇద్దరు వచ్చారు. మొదటివాడు ఫైనాన్షియర్. మద్రాసులో ఆ పని ఎక్కువగా షావుకారుపేటలో జరిగేది. నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం అన్నమాట. రెండోవాడు పంపిణీదారు. ఈ భాగమంతా అతని గురించే.

అతని కథలోకి వెళ్లేముందు ఒక్క మినహాయింపు చెప్పాలి. హర్తాళ్‌కి ఏడాది ముందు, 1948లో, జెమినీ వాసన్ ‘చంద్రలేఖ’ విడుదల చేశాడు. ఖర్చు 30 లక్షల వరకూ అయిందని చెప్పేవారు. ఆ రోజుల్లో అది కనీవినీ ఎరుగని మొత్తం. తమిళంలో తీసిన బొమ్మను హిందీలోకి మార్చి, ఉత్తరాదిలో అంతవరకూ ఎవరూ చూడనంత ప్రచారంతో, ఒక్కసారిగా అన్ని ప్రాంతాల్లో దించాడు. ఆ సాహసానికి వెనక లెక్క ఉంది. వాసన్ సినిమాల్లోకి వచ్చింది పంపిణీదారుగానే, 1939లో ‘త్యాగభూమి’ పంపిణీ చేసింది జెమినీయే. తరవాత స్టూడియో కొన్నాడు. చేతిలో ‘ఆనంద వికటన్’ వారపత్రిక ఉంది. తియ్యడం, అమ్మడం, జనానికి చెప్పడం మూడూ ఒకే మనిషి చేతిలో ఉండబట్టి దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్టుగా చూడగలిగాడు. దక్షిణాది నుంచి హిందీ మార్కెట్టుకి వెళ్లిన దారి అక్కడే తెరుచుకుంది. కానీ వాసన్‌లా మూడూ అమరినవాళ్లు ఎందరు?

తెలుగు సినిమా సంగతికి వద్దాం. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో బొంబాయిలో తయారైంది. 1934 నాటి ‘లవకుశ’ను కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ తీసింది. పెట్టుబడి పరాయి ఊళ్లది, ప్రేక్షకులు మనవాళ్లు. తరవాత జమీందార్లు వచ్చారు. మీర్జాపురం రాజా శోభనాచల సంస్థ నడిపాడు. చల్లపల్లి రాజా సారథి ఫిలింస్ వెనక నిలబడ్డాడు. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ తియ్యగలిగింది ఆ అండతోనే. రాయలసీమ నుంచి తాడిపత్రి వ్యాపారి మూలా నారాయణస్వామి వాహినికి కొమ్ముకాశాడు. బి.ఎన్. రెడ్డి లాంటి దర్శకుడు తనకు నచ్చినట్టు తీసుకోగలిగాడంటే, వెనక ఉన్న మనిషి రోజూ వసూళ్ల కాగితం అడగనివాడు కావడం ఒక కారణమని నా అభిప్రాయం.

1948లో మద్రాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టం చేసింది. జమీందారీ డబ్బు సినిమాలోంచి మెల్లగా తప్పుకుంది. దాని స్థానంలోకి వచ్చింది డెల్టా రైతు డబ్బు. ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట కట్టి అప్పటికి తొంభై ఏళ్లు దాటింది. యుద్ధకాలంలో ధాన్యం ధర పెరగడంతో రెండు పంటల మాగాణి ఉన్నవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ డబ్బు ముందు రైసుమిల్లులోకి, గుంటూరు వైపు పొగాకులోకి, అక్కణ్ణుంచి ఊళ్లో సినిమా హాల్లోకి వెళ్లింది. హాలు కట్టినవాడికి బొమ్మలు కావాలి. బొమ్మలు తెచ్చే పని తానే చేస్తే లాభం అనుకున్నవాళ్లు పంపిణీలోకి దిగారు. అక్కణ్ణుంచి మద్రాసుకి ఒక్క రాత్రి రైలు ప్రయాణం.

అందుకే తెలుగు సినిమా తయారయ్యేది మద్రాసులోనైనా దాని లెక్కలు తేలేది బెజవాడ గాంధీనగర్‌లో. ఉత్తరాన విశాఖ, దక్షిణాన నెల్లూరు, పడమర గుంటూరు, వాయవ్యాన హైదరాబాద్ వైపు లైన్లన్నీ కలిసే జంక్షన్ బెజవాడ. ఫిలిం పెట్టెలు రైళ్లలో తిరిగే కాలంలో పంపిణీ ఆఫీసు పెట్టడానికి అంతకన్నా మంచి ఊరు లేదు. విశాఖలో హాలు నడిపిన గ్రంధి మంగరాజు పూర్ణా పిక్చర్స్, కాట్రగడ్డ శ్రీనివాసరావు నవయుగ ఫిలింస్ లాంటి సంస్థలు నిర్మాతలకు అడ్వాన్సులిచ్చి బొమ్మలు పూర్తి చేయించాయి. నవయుగ అక్కడితో ఆగలేదు. హైదరాబాద్ అమీర్‌పేటలో సారథి స్టూడియోస్ నడిపించి, తెలుగు సినిమాకి మద్రాసు బయట కూడా చోటుందని చూపించింది.

ఇక ఏరియాల సంగతి. తెలుగు సినిమా వ్యాపారంలో ఆంధ్ర, సీడెడ్, నైజాం అని మూడు పెద్ద భాగాలు. ఆంధ్రని మళ్లీ ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరుగా కోస్తారు. ఇది రాష్ట్రాల పటం కాదు, అంతకన్నా పాతది. సీడెడ్ అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలు. 1953లో మైసూరు రాష్ట్రానికి వెళ్లిన బళ్లారి కూడా పంపిణీదారుల లెక్కలో సీడెడ్‌లోనే ఉండిపోయింది. నైజాంలో నిన్నటి హైదరాబాద్ సంస్థానపు కన్నడ జిల్లాలు కలిసేవి, హిందీ బొమ్మల వ్యాపారంలోనైతే మరాఠ్వాడా కూడా. హిందీవాళ్లకూ ఇలాంటి పటమే ఉంది: బొంబాయి, ఢిల్లీ–యూపీ, తూర్పు పంజాబ్, సీపీ–సీఐ–రాజస్థాన్, తూర్పు ఇండియా, దక్షిణం. సెంట్రల్ ప్రావిన్సెస్ అన్న పేరు ప్రభుత్వ కాగితాల్లోంచి పోయింది, సినిమా ఒప్పందాల్లో నిలిచింది. దీనికి కారణం ఛాందసం కాదు. పన్ను చట్టాలు, హాళ్ల లైసెన్సు నిబంధనలు, రైలు మార్గాలు, అప్పిచ్చేవాళ్ల పరిచయాలు అన్నీ పాత సరిహద్దుల ప్రకారమే అల్లుకుపోయాయి. ఒక ఏరియాలో పదేళ్లు వ్యాపారం చేసినవాడికి అక్కడి ప్రతి హాలు యజమాని నాడీ తెలుసు. పక్క ఏరియాలో అతను కొత్తవాడే.

ఒప్పందం ఎలా ఉండేదో ఒక ఉదాహరణతో చూద్దాం. లెక్క తేలిక కోసం అంకెలు నేను వేసుకున్నవి, పద్ధతి మాత్రం వాళ్లది. ఒక నిర్మాత 4 లక్షలతో బొమ్మ మొదలుపెట్టాడు. ఆంధ్ర ఏరియా పంపిణీదారు 2 లక్షలకు మినిమమ్ గ్యారంటీ రాసిచ్చాడు. ఈ 2 లక్షలు ఒక్కసారి రావు. ఒప్పందం రోజు కొంత, ముహూర్తానికి కొంత, పాటల రికార్డింగు అయ్యాక కొంత, సగం షూటింగుకి కొంత, చివరి వాయిదా ప్రింట్లు చేతికిచ్చిన రోజు. సీడెడ్, నైజాం, మైసూరు కొన్నవాళ్లూ ఇలాగే ఇస్తారు. అవన్నీ కలిపినా 4 లక్షలు నిండకపోతే మిగతాది షావుకారుపేటే.

బొమ్మ విడుదలైంది. పన్ను పోగా, హాలు అద్దె పోగా ఆంధ్రలో పంపిణీదారు చేతికి 3 లక్షలు వచ్చాయనుకుందాం. అందులోంచి తాను కట్టిన గ్యారంటీ 2 లక్షలు, ప్రింట్లకూ ప్రచారానికీ పెట్టిన 40 వేలు, నూటికి పదిహేను చొప్పున కమీషన్ 45 వేలు ముందు తీసుకుంటాడు. మిగిలినవి 15 వేలు. వీటిని ఓవర్‌ఫ్లో అంటారు. సగం సగం పంచుకుంటే నిర్మాతకి వచ్చేది 7,500. అదే వసూళ్లు లక్షన్నర దగ్గర ఆగిపోతే? కమీషన్ మాట దేవుడెరుగు, పెట్టిన 2,40,000లో 90 వేలు పంపిణీదారుకి పోయినట్టే. నిర్మాతని తిరిగి అడిగే హక్కు లేదు.

దీనికి అటూ ఇటూ మరో రెండు పద్ధతులున్నాయి. అవుట్‌రైట్‌గా కొంటే లాభమైనా నష్టమైనా కొన్నవాడిదే, నిర్మాతకి ఆ ఏరియాతో సంబంధం తెగిపోతుంది. కమీషన్ మీద తీసుకుంటే ఇచ్చిన అడ్వాన్సు అప్పు కిందే లెక్క, రాబట్టలేకపోతే నిర్మాత వెనక్కి కట్టాలి. ఎవరికి ఏ పద్ధతి దొరుకుతుందన్నదాన్ని బట్టి నిర్మాత సత్తా తెలిసేది. వరసగా రెండు బొమ్మలు ఆడినవాడు గ్యారంటీ అడుగుతాడు. దెబ్బతిన్నవాడు కమీషన్‌కి తలొగ్గుతాడు.

పంపిణీదారు మాత్రం డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చేవాడు? అతను కోటీశ్వరుడేమీ కాదు. తన ఏరియాలోని హాళ్లవాళ్ల దగ్గర, ఈ బొమ్మ మొదట మీకే ఇస్తానని చెప్పి అడ్వాన్సు పుచ్చుకునేవాడు. తక్కినది బంధువుల దగ్గర, ధాన్యం అమ్మిన రైతుల దగ్గర ప్రామిసరీ నోటు మీద. అంటే మద్రాసులో పాట రికార్డింగుకి ఖర్చయ్యే రూపాయి ఏ తణుకులోనో తెనాలిలోనో బయల్దేరేది. నేల టికెట్టు కొనేవాళ్ల నుంచి రేపు రాబోయే చిల్లరను నమ్ముకుని, ఈరోజే పైకి పంపిన డబ్బు అది. మూడు గంటల బొమ్మ కోసం ఇంతమంది ఒకరి మాటను ఒకరు నమ్మి అప్పులు చేశారు. బ్యాంకులూ ప్రభుత్వాలూ చెయ్యని పని అది. తెలుగు సినిమా బతికి బట్టకట్టిందంటే ఆ అజ్ఞాత పంపిణీదారుల పుణ్యమే, వాళ్లకి మన సినిమా చరిత్ర ఇవ్వాల్సిన చోటు ఇవ్వలేదు.

ప్రింట్లు తక్కువ, ఒక్కోటీ ఖరీదైనది. ఏరియాకి నాలుగైదు పెట్టెలతో నెట్టుకొచ్చేవారు. ముందు ఏ సెంటర్లు: విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, విశాఖ లాంటివి. అక్కడ యాభై, వంద రోజులు ఆడాక బి సెంటర్లకి, ఆ తరవాత ఏడాదికో రెండేళ్లకో పల్లెల్లోని టూరింగ్ టాకీసులకి. పెట్టెతోపాటు కంపెనీ రెప్రజెంటేటివ్ వెళ్లేవాడు. హాల్లోనే ఓ మూల పడుకుని, ఆటకి ఎన్ని టికెట్లు తెగాయో చూసి, రోజువారీ వసూళ్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని బెజవాడకి పంపేవాడు. నమ్మకం మీద నడిచే వ్యాపారంలో అనుమానానికి కూడా జీతమిచ్చి మనిషిని పెట్టక తప్పలేదు. రీలు గీతలు పడి, అక్కడక్కడ తెగి అతికించి, పాట సగంలో ఎగిరిపోయే స్థితిలో సి సెంటరుకి చేరేది. పల్లెటూరి ప్రేక్షకుడు చివర చూశాడు, చెడిపోయిన ప్రింటు చూశాడు, అయినా బొమ్మకి దీర్ఘాయువు ఇచ్చింది అతనే. పౌరాణికాలకు ఇది మరీ వర్తిస్తుంది. పండగ వచ్చినప్పుడల్లా పెట్టె బయటికి తీస్తే హాలు నిండేది. ఐదేళ్లకో ఏడేళ్లకో ఏరియా హక్కులు కొన్నవాడికి ఆ రెండో విడత, మూడో విడత ఆటలే అసలు మిగులు.

ఇంతమంది డబ్బు కలిసిన బొమ్మ మీద చివరి పట్టు ఎవరిది? ఫైనాన్షియర్ దగ్గర లాబ్ లెటర్ ఉండేది. నెగెటివ్ ఏ ల్యాబొరేటరీలో ఉందో వాళ్లిచ్చే కాగితం అది. అప్పిచ్చినవాడు సరేననే దాకా ఒక్క ప్రింటు కూడా బయటికి ఇవ్వబోమని దాని సారాంశం. విడుదల తేదీ వేసి, గోడల నిండా పోస్టర్లు అంటించాక, ముందురోజు రాత్రి ల్యాబ్ దగ్గర బేరాలు తెగక ప్రింట్లు ఆగిపోవడం ఈ కాగితం వల్లే. ఆ రాత్రి ఫైనాన్షియర్ బాకీ తీరుతుంది. పంపిణీదారుకి ప్రింట్లు అందుతాయి. ల్యాబ్ బిల్లు చెల్లుతుంది. లైట్లు మోసినవాళ్లు, గుంపులో నిలబడ్డవాళ్లు, సహాయకులు, దుస్తులు కుట్టినవాళ్లు ఆ వరసలో లేరు. వాళ్ల చేతిలో ఏ కాగితమూ లేదు. బొమ్మ మధ్యలో ఆగిపోతే వాళ్ల కూలీ అక్కడితో సరి. ఈ వ్యవస్థ ఎంత తెలివిగా నష్టాన్ని పంచిందో చెప్పుకునేటప్పుడు, ఆ పంపకంలో చోటు దక్కని ఈ మనుషుల్ని లెక్కలోకి తేకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఆగిపోవడం ఎంత ఖరీదైనదో రెండో ‘లవకుశ’ చూపిస్తుంది. 1958లో సి. పుల్లయ్య దర్శకత్వంలో మొదలైంది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రంగా తియ్యాలని నిర్మాత శంకరరెడ్డి పట్టుదల. రంగుల ఫిలిం ఖర్చు నలుపు తెలుపుకి ఎన్నో రెట్లు. డబ్బు చాలక మధ్యలో ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి పుల్లయ్య ఆరోగ్యం సహకరించక ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చెయ్యాల్సి వచ్చింది. విడుదల 1963లో. ఐదేళ్లలో కుశలవుల వేషాలు వేసిన పిల్లలు పెరిగిపోతారు, వడ్డీ అంతకన్నా వేగంగా పెరుగుతుంది. బొమ్మ అఖండంగా ఆడింది కాబట్టి ఆ కథ మనకి గుర్తుంది. ఆడని బొమ్మల నిర్మాతలు ఊరొదిలి వెళ్లిపోయారు.

పంపిణీదారే బ్యాంకు అయినప్పుడు తెరమీద ఏం మారుతుంది? బొమ్మ చూడకుండానే కొనేవాడికి ఏదో ఒక కొలబద్ద కావాలి. కథ వినిపిస్తే తల ఊపుతాడు, కానీ అడ్వాన్సు ఇచ్చేది హీరో పేరు చూసి, దర్శకుడి కిందటి బొమ్మ చూసి, పాటలు ఎన్నున్నాయో చూసి. తార పేరు చెబితేనే డబ్బు పుడుతున్నప్పుడు, ఆ పుట్టే డబ్బులో పెద్ద వాటా తారదే అవుతుంది. ఇందులో దురాశ కన్నా లెక్కే ఎక్కువ. విజయా సంస్థ 1950ల మొదట్లో నటులకీ సాంకేతికులకీ నెలజీతం ఇచ్చి పాత స్టూడియో పద్ధతిని నిలబెట్టే ప్రయత్నం చేసింది. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ లాంటివి ఆ స్థిమితంలోంచి వచ్చినవే. కానీ ఒక్కో బొమ్మకే ధర పలికే కాలంలో ఆ పద్ధతి మరొకరికి సాధ్యం కాలేదు.

ఇంకో మార్పు భాషలో జరిగింది. 1950లలో తెలుగు బొమ్మకి అన్నిటికన్నా పెద్ద అడ్వాన్సు వచ్చేది ఆంధ్ర ఏరియా నుంచి. నైజాంలో అప్పుడు హిందీ బొమ్మలదే పైచేయి, తెలుగు హక్కుల ధర తక్కువ. ఎవరి డబ్బుతో బొమ్మ మొదలవుతుందో వాళ్ల పొలాలు, వాళ్ల పెళ్లిళ్లు, వాళ్ల మాట తెరకెక్కాయి. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’లో రైతు గెలుపుని చూసి డెల్టా జనం తమ కథే అనుకున్నారు. అదే తెరమీద తెలంగాణ మాట దశాబ్దాలపాటు హాస్యగాడికీ, రౌడీకీ పరిమితమైంది. సీమ యాసకీ అదే గతి. రచయితల చిన్నచూపు ఒక్కటే దీనికి కారణమని నేననుకోను. ఒప్పందాల్లో నైజాం అంకె చిన్నది కావడం కూడా కారణమే. ఇవాళ తెలుగు సినిమాకి అతిపెద్ద వాటా నైజాం నుంచే వస్తోంది. ‘ఫిదా’, ‘బలగం’, ‘దసరా’ లాంటివి ఆ మాటతోనే అన్ని ఏరియాల్లో ఆడాయి. అంకె పెరగడానికీ గౌరవం పెరగడానికీ మధ్య ఇంత కాలం పట్టడం బాధాకరం.

నిర్మాతలకు అప్పిచ్చే సంస్థ ఒకటి పెట్టాలని పాటిల్ నివేదిక అడిగింది. దాని సంగతేమైంది? తొమ్మిదేళ్ల తరవాత, 1960లో, ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. దాని నిధులు పరిశ్రమ అవసరం ముందు చాలా చిన్నవి. 1969 నాటి మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ లాంటి తక్కువ ఖర్చు బొమ్మలకి ఆ డబ్బు ప్రాణం పోసింది, ఆ మేలు మరువలేం. కానీ సంస్థ డబ్బు ఇచ్చింది, హాళ్లు ఇవ్వలేదు. బొమ్మ తీసినవాడు పెట్టె పట్టుకుని మళ్లీ అదే పంపిణీదారు గుమ్మం ముందు నిలబడాలి. తీసే దారిని మాత్రమే సరిచేసి అమ్మే దారిని వదిలేస్తే ఏమవుతుందో ఆ డబ్బాల్లో మిగిలిపోయిన బొమ్మలు చెబుతాయి. బ్యాంకులు సినిమాకి అప్పివ్వడానికి వీలుగా పరిశ్రమ హోదా ఇస్తామని కేంద్రం ప్రకటించింది 1998లో, అది అమల్లోకి వచ్చింది 2000లో. పాటిల్ సంఘం చెప్పిన మాటకి అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. ఈ యాభై ఏళ్లలో బొంబాయి సినిమాలోకి నేరసామ్రాజ్యపు డబ్బు ఎలా చొరబడిందో వేరే చెప్పక్కర్లేదు. చట్టబద్ధమైన అప్పు దొరకని చోటికి ఏదో ఒక డబ్బు వస్తుంది.

చివరగా నెగెటివ్ గురించి. అప్పు తీర్చలేని నిర్మాత ఆఖరికి అమ్ముకునేది అదే. అన్ని ఏరియాల ఆటలూ అయిపోయాక నెగెటివ్‌కి విలువేముందని అప్పట్లో అందరి లెక్క. పాత ప్రింట్లలోంచి వెండి తీసి అమ్ముకున్న కాలం అది. రఘుపతి ప్రకాశ్ ‘భీష్మప్రతిజ్ఞ’గానీ, ‘భక్త ప్రహ్లాద’గానీ ఈరోజు మనం చూడలేకపోవడానికి ఆ లెక్క ఒక కారణం. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో పుట్టేనాటికే చాలా పోయింది. మిగిలిన నెగెటివ్ హక్కులు చిన్న చిన్న మొత్తాలకి ఫైనాన్షియర్లకీ, పంపిణీదారులకీ, ఒక్కోసారి ల్యాబులకీ చేతులు మారాయి. 1995లో ఈటీవీ, జెమినీ టీవీ వచ్చి రోజుకి రెండు మూడు పాత బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టేసరికి ఆ కాగితాలకి కొత్త ధర పలికింది. అప్పటికి చాలామంది నిర్మాతల కుటుంబాల దగ్గర సంతకం పెట్టి ఇచ్చేసిన పత్రం నకలు తప్ప మరేమీ లేదు. ఆ హక్కుల బేరాలూ, కోర్టు తగాదాలూ వచ్చే భాగంలో.